పచ్చబొట్టు సున్నా చూపిన నెల

రొయ్య తల గిల్లి, పొట్టు ఒలిచి, స్పిరిట్‌లో మెత్తగా నూరి, ఆ రసంలో ఒక్క చుక్క రంగు వేసి ఊదా దీపం కింద పెడితే చాలు, సత్యవేణికి ఆ చెరువు రైతు గుట్టంతా తెలిసిపోయేది. చెరువుకి తెగులు తగిలి, రైతు కంగారుపడి చల్లకూడని మందు చల్లి ఉంటే గాజు గొట్టంలో రసం లేతాకు పచ్చగా వెలుగుతుంది. చల్లకపోతే నల్లగా ఊరుకుంటుంది. పైదేశాలకి వెళ్లే సరుకు ఏదైనా ముందు వేండ్రలంకలోని ఈ పరీక్షశాల గడప తొక్కాల్సిందే. వెలిగిన సరుకు ఓడెక్కదు. ఓడెక్కని సరుకు ఏమవుతుందని ఎవరూ అడగరు, ఊళ్లో బజారుంది కదా.

ఒక్కో చెరువు నుంచి రెండు కిలోలు శాంపిల్‌గా వస్తాయి. పరీక్షకి గుప్పెడు సరిపోతాయి. మిగిలినవి శనివారం సాయంత్రం సిబ్బంది పన్నెండు మందీ వాటాలేసుకుని సంచుల్లో ఇళ్లకి పట్టుకెళతారు. ఫలితం సోమవారం గానీ చేతికి రాదు. "తెలిశాక తింటే రుచేముంటుందండి" అని ఒకళ్లనొకళ్లు ఆటపట్టించుకునేవాళ్లు. పదహారేళ్లుగా సాగుతున్న ఆనవాయితీ అది. సత్యవేణి కూడా తన వాటా ఏనాడూ వదులుకోలేదు. సగం తను ఉంచుకుని, సగం చెల్లెలింటికి పంపేది.

చెల్లెలి పేరు నూకరత్నం. ఇరవై తొమ్మిదేళ్ల మనిషి. కూతురు పుట్టిన నెలకే గుండె నీరసించింది. కాన్పు తర్వాత కొందరికి అలా అవుతుందట, ఎందుకో ఎవరూ గట్టిగా చెప్పలేరు. గుండె తోడాల్సినంత తోడలేకపోతే ఒంట్లో నీరు నిలుస్తుంది. ముందు పాదాలు ఉబ్బుతాయి, తర్వాత పొట్ట, ఆ పైన ఊపిరితిత్తులు నిండుతాయి. అందుకని రత్నం బతుకంతా కొలతల పాలైంది. పొద్దున్న లేస్తూనే తూకం. రోజుకి లీటరుంబావు నీళ్లు, అదీ గీతలు గీసిన సీసాలో. కూరలో ఉప్పు లేదు. నీటి మాత్ర వేసుకుంటే గంటకి నాలుగుసార్లు దొడ్లోకి పరుగు. తూకం రెండు కిలోలు పెరిగిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. మొదటి ఏడాదిలోనే మూడుసార్లు ఆస్పత్రి మంచమెక్కింది. మూడోసారి గుండె డాక్టరు పద్మాకర్ గారు సత్యవేణిని పక్కకి పిలిచి, నాలుగోసారి రాకుండా చూసుకోండమ్మా అన్నాడు.

ఆ మాట సత్యవేణిని తినేసింది. తల్లి పోయాక రత్నానికి జడలు వేసిందీ, ఎక్కాలు అప్పజెప్పించుకున్నదీ, పెళ్లి చేసిందీ తనే. సొంత పిల్లలు లేని మనిషి, ఉన్న ప్రేమంతా ఆ ఒక్కదాని మీదే పెట్టుకుంది. రొయ్య ఒంట్లో ఆవగింజలో వెయ్యోవంతు మందు కనిపెట్టగలను గానీ చెల్లెలి ఒంట్లో చెంబెడు నీళ్లు కనిపెట్టలేనా అని ఆమెకి తన మీద తనకే మండిపోయేది.

ఒకరోజు కడిగిన గొట్టం ఆరకముందే అందులో రంగు వేసి దీపం కింద పెట్టింది, పొరపాటున. రొయ్య రసం లేదు, మందు లేదు, అయినా రంగు సన్నగా మిణుకుమంది. చుట్టూ నీరు పోగైతే ఆ అణువు విచ్చుకుంటోందని తేల్చుకుంది. మందుని పట్టుకోడానికి ఆ అణువుకి చెయ్యిలాంటి కొస ఒకటుంది, ఇక అది అక్కర్లేదు. ఆ చేతిని రసాయనంతో తెంపేసింది. ఏసీ గదిలో, బల్ల మీద, మందు కలిపిన నీళ్లలోనూ కలపని నీళ్లలోనూ వందసార్లు చూసింది. వెలుగు రెండింట్లోనూ ఒక్కలాగే ఉంది. మందుతో దీనికి సంబంధం తెగిపోయిందని నమ్మింది.

అలా పుట్టింది పచ్చబొట్టు. సూదితో ముంజేతి చర్మం కింద చిన్న చుక్క పెడతారు. మామూలుగా చూస్తే ఏమీ కనపడదు. అరచేతిలో పట్టే ఊదా లాంతరు వేస్తే చుక్క పచ్చగా మెరుస్తుంది, లాంతరు వెనక అంకె పడుతుంది. ఇరవై లోపుంటే నిశ్చింత. ముప్పై దాటితే నీరు ఊపిరితిత్తుల దాకా వస్తోందని అర్థం. తూకం కంటే వారం ముందే ఆ కబురు చెప్పేస్తుంది.

అంకె అన్నాక సున్నా ఎక్కడో తేల్చాలి. దానికి ఏ జబ్బూ లేని మనుషులు కావాలి. ఎక్కడో వెతకడమెందుకని పరీక్షశాల సిబ్బంది పన్నెండు మందీ వరసగా చేతులు చాచారు. పన్నెండు మంది వెలుగూ ఒకే గీత మీద నిలబడింది. పద్మాకర్ గారు ఆ కాగితం చూసి, "మనుషులు ఇంత ఒద్దికగా ఉండగా నా సర్వీసులో చూళ్లేదు వేణి గారూ" అని మెచ్చుకున్నాడు. వయసులు వేరు, ఒళ్లు వేరు, ఆడా మగా కలిసి ఉన్నారు. అంతమంది ఎందుకంత ఒక్కలా ఉన్నారని ఎవరో ఒకరు అడగాల్సింది. మెచ్చుకోలు విన్న సంబరంలో ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు.

లాంతరు తయారు చేసిన ఇంజినీరు మాత్రం ఒక సందేహం అడిగాడు. "రీడింగు సున్నా కంటే కిందకి పోతే ఏం చూపమంటారండి?"

"సున్నాయే చూపించు. జబ్బు మనిషికి మైనస్ చూపిస్తే బెంబేలెత్తిపోరూ" అంది సత్యవేణి.

అనుమతులు వచ్చాక మొదటి చుక్క రత్నం చేతికే పెట్టారు. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ల నుంచి మొత్తం నూట నలభై మూడు మంది. అందర్నీ కుటుంబాలతో సహా ఆస్పత్రి హాల్లో కూర్చోబెట్టి సత్యవేణి వేలు చూపించి మరీ చెప్పింది. "ఇకమీదట తూకాలూ, ఉబ్బులు నొక్కి చూడ్డాలూ, ఎదురింటివాళ్ల సలహాలూ కట్టిపెట్టండి. అంకె ఏం చెబితే అదే. రేపు నేనే ఫోన్ చేసి ఇంకోటి చెప్పినా వినకండి. అంకె వినండి." అందరూ నవ్వారు. ఆ రోజు ఆమె గొంతులో ఉన్న ధీమా చూసి రత్నం భర్త త్రిమూర్తులు పక్కనున్నవాళ్లతో, మా వదిన గారేనండి అని రెండుసార్లు చెప్పుకున్నాడు.

ఎనిమిది నెలలు ఏ ఇంటి ముందుకీ అంబులెన్సు రాలేదు. రత్నం అంకె పదిహేడు, పద్దెనిమిది మధ్యే ఆడింది. పిల్లని చంకనెత్తుకుని వీధి చివరిదాకా నడిచొచ్చేది.

అప్పుడు కార్తీకం వచ్చింది.

డెల్టాలో కార్తీకమంటే నెల్లాళ్లు నీసు ఉండదు. కూర గిన్నెలు చింతపండేసి తోమి పైకెక్కిస్తారు. రొయ్యల బజార్లో ఈగలు తోలుకునే దిక్కుండదు. పరీక్షశాలలో శనివారం సంచులు కూడా ఆ నెల చిలక్కొయ్యకే వేలాడతాయి. నాలుగు వారాలు గోంగూర, కంద, బీరకాయ. సత్యవేణికి పూజల మీద అంత పట్టింపు లేకపోయినా, ఊరితో పాటు తనూ మానేసేది.

రెండో వారానికి ఆస్పత్రిలో వింత మొదలైంది. ఇళ్ల నుంచి వచ్చే అంకెలు గోడ మీది పెద్ద తెరలో పడుతుంటాయి. పదహారులు పదిలోకి దిగాయి. పదులు మూడులోకి దిగాయి. ఒకరిద్దరు కాదు, బళ్లో పిల్లలు బెల్లు విని లేచినట్టు అందరూ ఒక్కసారే. మూడో సోమవారానికి తెర మీద సగానికి పైగా సున్నాలే ఉన్నాయి.

పద్మాకర్ గారు ఆ తెర ముందు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. పాతికేళ్లుగా గుండె జబ్బుల వాళ్లని ఒక్కొక్కళ్లనే పోగొట్టుకుంటూ వచ్చిన మనిషి. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇన్నాళ్లూ నీరు లేకుండా చూసేసరికి గుండెలకి విశ్రాంతి దొరికింది వేణి గారూ. అవి కోలుకుంటున్నాయి. ఇలా జరగొచ్చని పుస్తకాల్లో చదవడమే."

ముందే రాసుకున్న నియమం ప్రకారం పది కంటే తగ్గినవాళ్లకి నీటి మాత్ర సగం చేశారు. అయిదు కంటే తగ్గినవాళ్లకి ఆపేశారు. ఒంట్లో నీరు లేనివాడికి ఆ మాత్ర ఇస్తే కళ్లు తిరిగి పడిపోతాడు, కాబట్టి నియమం సరైనదే.

దిగని వాళ్లు కొద్దిమందే. వాళ్లలో రూతమ్మ అని, పడవలరేవు దగ్గర ఇడ్లీలమ్ముకునే అరవై ఏళ్లావిడ. ఆవిడ అంకె కార్తీకానికి ముందు పదిహేడు, ఇప్పుడూ పదిహేడే. డాక్టరు గారు ఆవిణ్ణి గట్టిగానే మందలించాడు. "అందరికీ తగ్గుతుంటే మీకేమైందమ్మా? ఉప్పు చేపలు లాగిస్తున్నారా?"

"ఆయ్, లేదండి. తమరు చెప్పినట్టే తింటన్నానండి" అని ఆవిడ తల దించుకుంది. కేసు కాగితంలో ఆయన, మాట వినదు, అని రాసుకున్నాడు.

సత్యవేణి ఆ సాయంత్రం చెల్లెలింటికి పరుగులాంటి నడకతో వెళ్లింది. లాంతరు వేస్తే రత్నం అంకె రెండు. మాత్ర ఆపి అప్పటికి ఆరు రోజులు. దొడ్లోకి పరుగులు తప్పినందుకు రత్నం మొహం కళకళలాడుతోంది. అరుగు మీద ఆనుకుని కూర్చుని, "అక్కా, ఒక కోరిక కోరనా?" అంది.

"కోరు."

"గ్లాసుడు నీళ్లు. గీతలు లేకుండా."

సత్యవేణి లేచింది. లోపలికెళ్లి కుండలోంచి పెద్ద ఇత్తడి గ్లాసు నిండా ముంచి తెచ్చి తన చేత్తో ఇచ్చింది. రత్నం కళ్లు మూసుకుని గటగటా తాగింది. గడ్డం మీంచి జారిన నీళ్లు తుడుచుకోలేదు. ఇంకోటి అడిగింది. సత్యవేణి ఇంకోటి తెచ్చింది.

రత్నం అత్తగారు సుబ్బాయమ్మ గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కోడలి గ్లాసు లోపల పెట్టొచ్చి సత్యవేణి పక్కన కూర్చుంది. "ఓ మాటండి. నిన్న తలంటు పోస్తా కాళ్లు రుద్దేనండి. మెట్టెలు కదల్లేదు. వేళ్లు పట్టేసినియ్. రాత్రి రెండు తలగడలేసుకుంటంది."

"పొద్దస్తమానం కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటోంది కదండీ, అందుకు పట్టి ఉంటాయి."

"దగ్గు కూడా ఉందండి. పడుకుంటే వత్తంది, లేస్తే పోతంది."

"ఈ మంచుకి ఊరంతా దగ్గుతోంది అత్తయ్యగారూ. అంకె రెండు. రెండంటే మీకూ నాకూ ఉన్నంత నీరే తనకీ ఉన్నట్టు. మీరింక బెంగ పెట్టుకోకండి."

సుబ్బాయమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. చదువుకున్న పిల్ల, పైగా తోడబుట్టింది, అంతకంటే తనకేం తెలుస్తుందనుకుంది. సత్యవేణి చేతికందే దూరంలోనే ఉంది చెల్లెలి పాదం. వేలు పెట్టి ఒక్కసారి నొక్కి చూస్తే అయిపోయేది. ఎనిమిది నెలలుగా ఆ అలవాటు మాన్పించింది తనే కాబట్టి తనూ మానేసింది.

ఆఖరి ఆదివారం త్రిమూర్తులు పనిచేసే ఐసు ఫ్యాక్టరీ వాళ్లంతా కలిసి మామిడి తోటలో వనభోజనాలు పెట్టుకున్నారు. రెండేళ్ల తర్వాత రత్నం నలుగురిలోకి వెళ్లడం అదే. పొద్దున్నే ఫోన్ చేసి, "ఆరు చూపించింది అక్కా. పులిహోర తినొచ్చా?" అని అడిగింది. మాట మధ్యలో ఒకసారి ఆగింది, ఊపిరి తీసుకోడానికి.

"కొంచెం తిను" అంది సత్యవేణి. తను కూడా బయల్దేరుతుండగా ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. ముగ్గుర్ని తీసుకొచ్చారు, ముగ్గురూ పచ్చబొట్టు వాళ్లే.

ఆమె వెళ్లేసరికి ముగ్గురు అయిదుగురయ్యారు. అందరిదీ ఒకటే తీరు. మంచం మీద పడుకోలేక లేచి కూర్చుని, మోకాళ్ల మీద చేతులానించి, నోటితో గాలి లాక్కుంటున్నారు. పద్మాకర్ గారు చొక్కా చేతులు మడిచి మంచానికీ మంచానికీ మధ్య తిరుగుతున్నాడు. "అంకెలు చూస్తే మూడు, అయిదు, ఏడు. ఛాతీలో వింటే నీళ్ల చప్పుడు. ఒకేసారి ఉప్పు దట్టించినట్టున్నారు. వనభోజనాలు కదా, ఆవకాయ, పులిహోర..." అన్నాడు గానీ, ఆ మాట ఆయనకే అతకలేదు. ఒక్క పూట పులిహోరతో ఇంత నీరు చేరదు.

సత్యవేణి ఒకావిడ కాలు పట్టుకుని బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. లాంతరు వేసింది. అయిదు. లాంతరు పాడైందేమోనని ఇంకోటి తెచ్చి వేసింది. అయిదే.

అప్పుడు వరండాలోంచి, "డాక్టరు గారున్నారాండి?" అని గొంతు వినిపించింది. రూతమ్మ. చర్చి నుంచి అటే వచ్చింది, తెల్లచీర, చేతిలో సంచి. మేడమెట్లు ఎక్కి వచ్చింది, రొప్పు లేదు. వారం వారం అంకె చూపించుకోమన్నారు కాబట్టి వచ్చింది. లాంతరు వేస్తే పదిహేడు. సత్యవేణి కింద కూర్చుని ఆవిడ కాలు కూడా నొక్కింది. గుంట పడలేదు. ఎండుపుల్లలాగా ఉంది కాలు.

"రూతమ్మ గారూ, ఈ నెల్లాళ్లూ ఏం తిన్నారు?"

ఆవిడ మళ్లీ చీవాట్లు తప్పవనుకుంది. "ఉప్పు ముట్టలేదండి, దేముడి తోడు. రొయ్యల ఇగురు ఒక్కటేనండి, చప్పగా. ఈ నెల బజార్లో కొనేవోళ్లు లేక చవగ్గా ఇత్తన్నారు కదండి. మాకు కార్తీకం లేదు గదా."

సత్యవేణి అలాగే నేల మీద ఉండిపోయింది. పరీక్షశాలలో ప్రతి పొద్దుటా మొట్టమొదట చేసే పని ఆమెకి గుర్తొచ్చింది. మందు ఎరగని రొయ్య ఒకటి, ఎక్కడో నడిసముద్రంలో పట్టింది, ఫ్రీజర్లో విడిగా దాచి ఉంటుంది. దాన్ని నూరి, దీపం కింద పెట్టి, ఇదీ సున్నా అని గుర్తు పెట్టుకున్నాకే చెరువు రొయ్య జోలికి పోతుంది. రొయ్యకి చేసిన ఆ పని మనిషికి చెయ్యలేదు. పన్నెండు మందిని నిలబెట్టి సున్నా గీసింది. పన్నెండు మందీ శనివారం సంచుల వాళ్లే.

ఆమె చేతికి కూడా చుక్క ఉంది. లాంతరు వేసుకుంది. సున్నా. వెనకనున్న మీట మూడుసార్లు నొక్కితే దాచిన అసలు అంకె కనపడుతుంది, ఇంజినీరు అప్పుడెప్పుడో చూపించాడు. నొక్కింది.

మైనస్ ఇరవై ఆరు.

తెంపేశాననుకున్న చెయ్యి తెగలేదు. రసాయనం దెబ్బకి ముడుచుకుని, ఏసీ గది చల్లదనంలో అలాగే ఉండిపోయింది, అంతే. ఒంటి వేడి తగలగానే విచ్చుకుని, మనుషుల నెత్తుట్లో తిరుగుతున్న చెరువు మందుని పట్టుకుంటూ వచ్చింది. ఊరంతా రొయ్యలు తిన్నన్నాళ్లూ అందరిలోనూ ఆ ఇరవై ఆరూ ఉంది కాబట్టి లెక్క సరిపోయింది. ఊరు రొయ్యలు మానేసింది. మందు ఒంట్లోంచి దిగిపోయింది. దిగింది మందైతే, నీరు దిగిందనుకున్నారు. మాత్రలు ఆపేశారు.

రత్నం పొద్దున్న చెప్పిన ఆరుకి ఇరవై ఆరు కలిపితే ముప్పై రెండు.

ఫోన్ తీసి రత్నానికి చేసింది. మోగి మోగి ఆగింది. త్రిమూర్తులుకి చేసింది. వెనక మైకులో పాటలు, పిల్లల కేకలు.

"త్రిమూర్తులూ, రత్నం ఏది?"

"ఇక్కడే ఉందండి వదినా. తిన్నాక నీరసంగా ఉందంటే చాప మీద పడుకోబెట్టాను. నిద్రట్టింది."

"లేపి కూర్చోబెట్టు. పడుకోనివ్వకు. నీటి మాత్రలు సంచిలో ఉన్నాయా?"

"మానేశాం కదండి, ఇంట్లో ఉన్నాయి. ఏమైందండి? పొద్దున్న ఆరే చూపించింది."

"ఆ ఆరు తప్పు. వెంటనే బండెక్కించి ఆస్పత్రికి తీసుకురా."

అతను నవ్వాడు, మర్యాదగానే. "పరీక్ష పెడుతున్నారా వదినా? మీరే కదండీ చెప్పారు, ఫోన్ చేసి ఇంకోటి చెప్పినా వినొద్దని. ఉండండి, లాంతరు సంచిలోనే ఉంది, వేసి చూస్తాను." కాసేపాగి, "చూడండి, ఏడు. ఏడే చూపిత్తంది. తనకేం ఇబ్బంది లేదండి" అన్నాడు.

సత్యవేణికి ఏడుపొచ్చింది. "మీ అమ్మగారికి ఫోనివ్వు" అంది.

సుబ్బాయమ్మ ఫోన్ తీసుకుని వివరాలేమీ అడగలేదు. "తెత్తన్నామండి" అని పెట్టేసింది.

సత్యవేణి పద్మాకర్ గారి దగ్గరికి వెళ్లి జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పింది. ఆయన ఆమె మొహంలోకి చూశాడు, తెర మీది సున్నాల వైపు చూశాడు. "నూట నలభై మూడు ఇళ్లకి ఫోన్ చేసి మాత్రలు మళ్లీ వేసుకోమంటే, రేపు మీ మాట తప్పని తేలితే?" అన్నాడు. ఆమె రూతమ్మ కాలు చూపించింది. ఆయన వంగి నొక్కాడు. వెళ్లి మంచాల మీదున్న అయిదుగురివీ నొక్కాడు. తిరిగొచ్చినప్పుడు ఆయన వయసు పదేళ్లు పెరిగినట్టుంది.

బల్ల మీద నుంచి పేర్ల జాబితా తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇద్దరే నర్సులు, నాకు ఇక్కడ చేతులు చాలవు. ఫోన్లు మీరే చెయ్యాలి. కాళ్లు నొక్కి చూసుకోమనండి. గుంట పడితే రెండు మాత్రలేసి బయల్దేరమనండి."

వరండాలో బెంచీ మీద కూర్చుని మొదటి పేరు నుంచి మొదలుపెట్టింది. అనుకున్నట్టే, ఎవరూ వెంటనే నమ్మలేదు. అంకె నాలుగే కదండి అన్నారు. ఎవరండీ మాట్లాడేది అన్నారు. ఒకాయన, మీరే కదా చెప్పింది అని ఆమె మాటలే ఆమెకి అప్పజెప్పాడు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. ప్రతి ఇంట్లోనూ బతిమాలాల్సి వచ్చింది. ఇరవై మూడో పేరు దగ్గర ఉండగా ఐసు ఫ్యాక్టరీ వ్యాను ఆస్పత్రి ఆవరణలోకి వచ్చింది.

రత్నాన్ని త్రిమూర్తులు చేతుల మీద ఎత్తుకొచ్చాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. సుబ్బాయమ్మ చంకలో పిల్ల నిద్రపోతోంది. లోపల మంచమ్మీద కూర్చోబెట్టి, మూతికి గాలి గొట్టం పెట్టి, సూది మీద సూది వేశారు. డాక్టరు గారు ఎవరి కళ్లలోకీ చూడ్డం లేదు. సత్యవేణి జాబితా చేత్తో పట్టుకునే చెల్లెలి పక్కన నిలబడింది.

రత్నం మూతి మీది గొట్టం పక్కకి జరిపి, ముంజెయ్యి చాచింది. "అక్కా, లాంతరేసి చూడు."

"వద్దమ్మా."

"ఏడే కదా. మరి నాకు ఊపిరెందుకు అందట్లేదు?" అడిగిన తీరులో భయం కంటే ఆశ్చర్యం ఎక్కువుంది. ఒళ్లు మునిగిపోతున్నా అక్క కొలిచిన అంకె మీద దానికి అనుమానం రాలేదు. సత్యవేణికి అక్కడే నేలలోకి కుంగిపోవాలనిపించింది.

"అంకె తప్పు రత్నం. నేను సున్నా తప్పుగా పెట్టాను. డాక్టరు గారు చెప్పింది కాదు, ఇంకెవరో చేసింది కాదు. నేనే."

రత్నం అక్క మొహంలోకి చూస్తూ నాలుగైదు ఊపిర్లు లాక్కుంది. "నాకొక్కదానికేనా?"

"అందరికీ."

"చెప్పావా వాళ్లకి?"

"ఇరవై రెండు ఇళ్లకి చెప్పాను."

"వెళ్లు మరి."

"నిన్నొదిలేసి ఎక్కడికెళ్లనే?"

"నా దగ్గర డాక్టరు గారున్నారు. వాళ్ల దగ్గర ఎవరున్నారు?" అని, మాట పూర్తయ్యేసరికి వంగిపోయింది. నర్సు గొట్టం మళ్లీ మూతికి అదిమింది. రత్నం చేత్తో తలుపు వైపు చూపించింది.

సత్యవేణి బయటికొచ్చింది. తలుపు పక్కనే, లోపలి చప్పుళ్లు వినపడేంత దగ్గర్లో గోడకి ఆనుకుని ఫోన్లు చేసింది. ఇప్పుడిక నచ్చజెప్పడం మానేసింది. "నేను పచ్చబొట్టు సత్యవేణిని. నా లెక్క తప్పు. నా చెల్లెలు లోపల చావుబతుకుల్లో ఉంది. కాలు నొక్కి చూడండి" అనేది. ఆ మాటకి జనం కదిలారు. ముప్పై. నలభై. ఒక ఇంట్లో ఏడుపులు వినిపించాయి, ఫోనెత్తినతను మాట్లాడకుండానే పెట్టేశాడు. ఆ పేరు మీద గీత కొట్టబోయి, కొట్టలేక, పక్క పేరుకి వెళ్లింది. అరవై. త్రిమూర్తులు ఎదురుగా నేల మీద కూర్చుని లాంతరు రెండు చేతుల్లో పట్టుకుని దాని వంకే చూస్తున్నాడు. సాయంత్రపు ఎండ వరండా చివరి నుంచి తగ్గిపోతూ వచ్చింది.

అరవై ఏడో పేరు ఒక రిటైరైన పోస్టుమాస్టరు గారి భార్య, సరోజినమ్మ. ఫోన్ ఆయనే ఎత్తాడు.

"సున్నా అండి, బంగారంలాంటి సున్నా. వారం నుంచీ అదే. మధ్యాహ్నం భోంచేసి పడుకుంది, ఇంకా లేవలేదు. దగ్గు కూడా ఆగింది. రెండేళ్లలో ఇంత హాయిగా నిద్రపోవడం చూళ్లేదండి. లేపొద్దని మనవలకి చెప్పి నేనే కాపలా కూర్చున్నాను."

తలుపు తెరుచుకుంది. నర్సు బయటికొచ్చి సత్యవేణి ముందు ఆగింది. తల అడ్డంగా ఊపింది. ఆవిడ వెనక, మంచం పక్కన పద్మాకర్ గారు చెవి గొట్టాలు తీసేసి నిలబడి ఉన్నాడు. త్రిమూర్తులు లేచి లోపలికి పరుగెత్తాడు. సుబ్బాయమ్మ గొంతు ఒక్కసారి లేచింది.

"అమ్మా, లైన్లో ఉన్నారా?" అన్నాడు పోస్టుమాస్టరు.

సత్యవేణి తలుపు వైపు నుంచి మొహం తిప్పుకుంది. "ఉన్నానండి. ఆవిణ్ణి లేపండి."

"అదేంటండి, సున్నా ఉంటే..."

"అంకె చూడకండి. దగ్గరికెళ్లి, పేరు పెట్టి పిలిచి లేపండి. నేను ఫోన్ పెట్టను."

చెప్పుల చప్పుడు, తలుపు కిర్రుమనడం వినిపించాయి. ఆ తర్వాత ఆయన భార్యని పిలిచాడు, ముందు మెల్లగా, తర్వాత మామూలుగా, ఆ తర్వాత గొంతు పెంచి. ఇటు ఆస్పత్రి గదిలోంచి తన కోసం ఎవరో కేకేస్తున్నారు. సత్యవేణి ఫోన్ చెవికి ఇంకాస్త అదుముకుని, అవతల ఆవిడ పలుకుతుందేమోనని వింటూ నిలబడింది.